కానుగ నూనెతో ఆయిల్ ఇంజన్: మా ప్రాజెక్టు డైరీ

మా చిన్నాయన పొలంలో ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్ ఒకటుంది. ఒక్క సిలిండర్, నీళ్లతో చల్లబడే రకం, హ్యాండిల్ తిప్పితేనే స్టార్ట్ అవుతుంది. బోరుకు కరెంటు మోటారు ఉన్నా, వాగులోంచి పసుపు మడులకు నీళ్లు ఎక్కించేది మాత్రం ఇప్పటికీ ఇదే. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కోసం వచ్చినప్పుడు, ఈ ఇంజన్‌ను ఒక సీజన్ పాటు కానుగ బయోడీజిల్‌తో నడిపి, ఏం మారిందో కొలిచి చూద్దామన్నాను. చిన్నాయన ఒప్పుకున్నాడు కానీ ఒక్కటే మాట: "నా ఇంజన్ ఖరాబ్ గానియ్యకు బిడ్డా."

ఈ ఇంజన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కొత్త ట్రాక్టర్లలో, కార్లలో కామన్ రైల్ అనే ఇంధన వ్యవస్థ ఉంటుంది. ఇంధనాన్ని వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడితో చిన్న చిన్న రంధ్రాల్లోంచి కొడుతుంది. పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉంటే దాన్ని కాల్చి శుభ్రం చేయడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకే అదనంగా ఇంధనం చిమ్ముతాయి. బయోడీజిల్ డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు కాబట్టి, అలా చిమ్మినదాంట్లో కొంత గోడల వెంట కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఇంట్లో చేసిన ఇంధనంతో అలాంటి బండి మీద ప్రయోగాలు చేయమని నేను ఎవరికీ చెప్పను. పాత ఆయిల్ ఇంజన్ సంగతి వేరు. పంపు మొరటుది, నాజిల్ 200 బార్ దగ్గర తెరుచుకుంటుంది, విప్పి చూసుకోవడానికి రెండు పానాలు చాలు.

మార్చి, గింజల కాలం

కానుగ చెట్టు గురించి మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోడ్ల పక్కన నీడ, దుక్కిలో తొక్కించే పచ్చి ఆకు, గజ్జికి రాసే నూనె. పశువులు పెద్దగా ముట్టవు. వేర్ల మీద బుడిపెల్లో నత్రజని పట్టుకునే జాతి కాబట్టి బీడు నేలలోనూ బతుకుతుంది. బయోడీజిల్ కోసం ఒకప్పుడు దేశమంతా అడవి ఆముదం (జట్రోఫా) వెంటపడింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 కల్లా డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని రాసుకుంది. అది జరగలేదు. బీడు భూముల్లో నాటిన అడవి ఆముదం అనుకున్న కాపు ఇవ్వలేదు. 2018లో వచ్చిన విధానం 2030కి 5 శాతం చాలంది. కొత్తగా తోటలు పెట్టడం కంటే, ఊళ్లో ఇప్పటికే కాస్తూ రాలిపోతున్న గింజను ఏరుకోవడం మంచిదని నా నమ్మకం.

ఆదిలాబాద్ అడవుల్లో దీనికి ఒక చరిత్రే ఉంది. జైనూర్ వైపు పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగ నూనెను ఇంధనంగా తయారు చేయడం మొదలుపెట్టాయి. దాని వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు కట్టింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ గూడెం ఆడవాళ్లు ఏరిన గింజకు అలాంటి లెక్క కట్టడం నాకు ఎప్పుడు తలచుకున్నా గొప్పగానే అనిపిస్తుంది. పిల్లలకు మొదటి రోజు ఆ సంగతే చెప్పాను.

కాయలు రాలిన చోట టార్పాలిన్లు పరిచి ఏరించాం. కర్రతో కొట్టి గింజ తీస్తే కాయ బరువులో దాదాపు సగం పొట్టే పోతుంది. గింజను పలచగా ఆరబోసి, చేత్తో విరిస్తే ఫట్‌మని విరిగేదాకా ఎండబెట్టి, గన్నీ సంచుల్లో కట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చాం. పోల్చి చూడటం కోసం సంత నుంచి ఇంకో రెండు సంచులు తెప్పించాను. అవి పాత గింజలు. సంచి విప్పగానే మక్కిన వాసన, కొన్ని గింజల మీద తెల్లటి బూజు.

ఏప్రిల్, గానుగ దగ్గర

ఎక్స్‌పెల్లర్‌లో క్వింటాల్ గింజకు పాతిక కిలోల నూనె వచ్చింది. మిగిలింది కానుగ చెక్క, అంటే నూనె తీయగా మిగిలే పిండి. దానికి మాత్రం మేము వెతకాల్సిన పని లేకపోయింది, మిల్లు దగ్గరికే వచ్చి అడిగారు. పసుపు, బత్తాయి పెట్టేవాళ్లకు దాని విలువ తెలుసు. నత్రజని దండిగా ఉంటుంది, వేరు పురుగు తగ్గుతుందని కూడా అంటారు.

నూనె నేరుగా పోసి నడపొచ్చు కదా అని ఒక అబ్బాయి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆ సంగతి రుడాల్ఫ్ డీజిలే తర్వాత రాశాడు. నడుస్తుంది, అందులో అనుమానం లేదు. ఇబ్బంది చిక్కదనంతో వస్తుంది. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ ఉంటే, కానుగ నూనెది 40కి అటూ ఇటూ. నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్మలేక ధారలాగా కొడుతుంది. సగం కాలిన నూనె నాజిల్ మొన మీద బొగ్గుగా పేరుకుంటుంది, పిస్టన్ రింగులు గాళ్లలో అతుక్కుంటాయి, కిందికి జారింది ఇంజన్ ఆయిల్‌ను జిగురు చేస్తుంది. మొదటి గంటల్లో ఏమీ తెలియదు. నెలల తర్వాత ఇంజన్ విప్పితే తెలుస్తుంది. చిన్నాయనకు ఇచ్చిన మాట ఉంది కాబట్టి ఆ దారిలో వెళ్లలేదు.

బయోడీజిల్ చేయడమంటే ఆ పెద్ద నూనె అణువును మెథనాల్‌తో విడగొట్టడం. ఒక్కో అణువు నుంచి మూడు కొవ్వు ఆమ్లపు గొలుసులు విడివడి మెథనాల్‌ను పట్టుకుంటాయి, మధ్యలోని గ్లిసరిన్ అడుగుకు దిగుతుంది. చిక్కదనం 40 నుంచి 5 దగ్గరికి పడిపోతుంది. ఈ పని చేయించేది కాస్టిక్ సోడా. అయితే నూనెలో అప్పటికే విడిపోయిన ఆమ్లాలు ఎక్కువుంటే కాస్టిక్ వాటితో కలిసి సబ్బు అయిపోతుంది. అందుకే ముందు ఆమ్లం ఎంతుందో కొలవాలి.

ఒక మిల్లీలీటరు నూనెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, లీటరుకు గ్రాము చొప్పున కలిపిన కాస్టిక్ నీళ్లను ఆమ్లం విరిగేదాకా బొట్టు బొట్టుగా వదలాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే, లీటరు నూనెకు అన్ని గ్రాముల కాస్టిక్ ఆ ఆమ్లాలకే పోతుందన్నమాట. మేము ఎండబెట్టిన గింజ నూనెకు 2.6 పట్టింది, అంటే ఆమ్లం దాదాపు 2 శాతం. సంత గింజ నూనెకు 14 దాకా పోయింది, దాదాపు 11 శాతం. చెట్టు ఒకటే, మిల్లు ఒకటే. తేమ తగిలిన గింజలో ఎంజైములు, బూజు కలిసి నూనెను లోలోపలే విడగొట్టేశాయి. ఇంధనం మంచిదా కాదా అన్నది ఇంజన్ దాకా రాకముందే, ఆరబోసిన చోటే సగం తేలిపోయింది. ఈ ప్రాజెక్టులో నేను అందరికీ చెప్పదలచుకున్నది ఇదే. మిగతావన్నీ దీని వెనక నడిచేవే.

మే, షెడ్డులో వంట

మెథనాల్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ ద్వారా తెచ్చాం. అది విషం. తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. ఆవిరి పీల్చినా మంచిది కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. పగటి వెలుతురులో దాని మంట సరిగ్గా కనబడదు. అందుకని షెడ్డు నాలుగు వైపులా తెరిచి ఉంచాం, పొయ్యి అన్న మాటే లేదు. వేరే చోట కాచిన వేడినీళ్లను తెచ్చి పెద్ద తొట్టిలో పోసి, నూనె డబ్బాను అందులో దించి వేడి చేశాం. కలపడానికి డ్రిల్ మెషిన్ తెస్తానని ఒకరన్నారు, వద్దన్నాను. ఆ మోటారు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి. మూతలోంచి దించిన స్టీల్ రాడ్డుకు చేతిపిడి పెట్టి వంతులవారీగా తిప్పారు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనివాళ్లను నేను షెడ్డు దరిదాపులకు రానివ్వలేదు.

మంచి నూనెకు లెక్క తేలిక. లీటరుకు 200 మిల్లీలీటర్ల మెథనాల్, అందులో 6.1 గ్రాముల కాస్టిక్. అంటే మామూలుగా వేసే 3.5 గ్రాములు, దాని మీద మనం కొలిచిన 2.6. నూనె 55 డిగ్రీల దగ్గర ఉండాలి. మెథనాల్ 64.7 దగ్గర మరుగుతుంది కాబట్టి 60 దాటనివ్వలేదు. గంటసేపు తిప్పి వదిలేస్తే రాత్రికి రాత్రి రెండు పొరలు. పైన తేనె రంగు, అడుగున నల్లబెల్లం పాకం లాంటి గ్లిసరిన్. పది లీటర్ల నూనెకు కడిగి ఆరబెట్టాక తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ మిగిలింది.

సంత నూనెకు ముందు ఇంకో మెట్టు ఉంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కొద్దిగా, మెథనాల్ ఇంకా ఎక్కువ వేసి వేడి మీద తిప్పితే, విడిగా ఉన్న ఆమ్లాలే బయోడీజిల్‌గా మారతాయి. దాన్ని తేర్చి, మళ్లీ కొలిచి, అప్పుడు కాస్టిక్ మెట్టు. ఇంత చేసినా కడిగేటప్పుడు సబ్బు నురగ మధ్య పొరలా నిలబడి ఒక పట్టాన విడిపోలేదు. చివరికి పది లీటర్లకు ఏడున్నర. ఖర్చు, టైము, మెథనాల్ అన్నీ ఎక్కువ పెట్టి తక్కువ ఇంధనం. ఏరినప్పుడే నాలుగు ఎండలు సరిగ్గా తగిలి ఉంటే ఇదంతా అవసరమే లేదు.

కడగడం గురించి ఒక ముచ్చట. గోరువెచ్చని నీళ్లు చిలకరించి, తేరినాక అడుగునుంచి వదిలేయాలి. కాస్టిక్ పూర్తిగా పోయిందా లేదా అని తెలియడానికి పిహెచ్ కాగితాలు వాడుతున్నాం. అవి అయిపోయిన రోజున ఒక అమ్మాయి ఇంటి నుంచి పసుపు తెచ్చింది. స్పిరిట్‌లో కలిపి, వడపోత కాగితాన్ని ముంచి ఆరబెట్టి, ముక్కలు కోసింది. మొదటి కడుగు నీళ్ల బొట్టు పడగానే కాగితం ఎర్రబారింది. "పసుపులో సున్నం కలిపితే పారాణి అయితది కద సార్, గదే ఇది" అంది. నిజమే, రెండింట్లోనూ క్షారమే ఆ రంగు తెప్పించేది. నీళ్లు పడినా పసుపు పసుపుగానే ఉండేదాకా కడుగుతూ పోయాం. తర్వాత కాగితాలు వచ్చినా పిల్లలు పసుపు ముక్కలే వాడారు. పసుపు పండే ఊళ్లో అంతకంటే చవకైన పరీక్ష ఏముంటుంది?

కడిగిన ఇంధనంలో నీళ్లు ఉండకూడదు. మెథనాల్ సీసాలన్నీ దూరంగా పంపేశాక, నూటికి పైన వేడి చేసి చిటపట ఆగేదాకా ఉంచాం. ఆఖరి పరీక్ష చాలా సులువు. 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేస్తే పూర్తిగా కరగాలి. అడుగున నూనె బొట్లు కనిపిస్తే ఇంకా మారని నూనె ఉన్నట్టు. మాది కరిగింది. గ్లిసరిన్‌తో సబ్బు చేద్దామని పిల్లలకు సరదా. అందులో మెథనాల్ ఉంటుంది కాబట్టి అది ఎగిరిపోయేలా సరైన ఏర్పాటు చేసేదాకా వద్దని మూతపెట్టి పక్కన పెట్టించాను.

జూన్ చివర, వాగు గట్టు

ముందు డీజిల్‌తోనే ఇంజన్ లెక్కలన్నీ తీసుకున్నాం. మెకానిక్ భాయ్ వచ్చి నాజిల్ విప్పి, టెస్టర్ మీద పెట్టి చిమ్మడం చూసి బిగించాడు. ట్యాంకు బదులు గాజు కొలపాత్ర వేలాడదీసి, అర లీటరు ఎంతసేపు వస్తుందో చూశాం. పంపు అదే, పైపు అదే, నీటి ఎత్తు అదే. డీజిల్‌తో 31 నిమిషాలు.

తర్వాత 20 శాతం కానుగ కలిపి పోశాం. స్టార్టింగ్‌లో తేడా లేదు, టైములోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆఖరున పూర్తి కానుగ బయోడీజిల్. భాయ్ హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు, "స్టార్ట్ అయితే అయితది గానీ నాజిల్ జామ్ అయితది సార్" అని అంటూనే ఉన్నాడు. సిలిండర్‌లో ఒత్తిడి పుట్టకుండా ఆపే లివర్ వదలగానే అందుకుంది. శబ్దం కొంచెం మెత్తబడింది. వాసన మాత్రం పూర్తిగా మారిపోయింది. అర లీటరుకు 28న్నర నిమిషాలు. అంటే గంటకు 0.97 లీటర్ల దగ్గర నుంచి 1.05కి పెరిగింది. ఇది ఊహించిందే. బయోడీజిల్ అణువులో ఆక్సిజన్ ఉంటుంది, దాని బరువుకు కాలే శక్తి రాదు. కిలో డీజిల్‌లో 42, 43 మెగాజౌళ్లుంటే, ఇందులో 37 చిల్లర.

అదే ఆక్సిజన్ పొగ దగ్గర మేలు చేస్తుంది. సైలెన్సర్ ముందు తెల్ల గుడ్డను నిమిషం పాటు పట్టుకున్నాం, డీజిల్‌కొకటి, కానుగకొకటి. డీజిల్ గుడ్డ మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ, చేత్తో తుడిస్తే వేలికి అంటింది. కానుగ గుడ్డ మీద బూడిద రంగు నీడ. ఇది ల్యాబ్ కొలత కాదు కానీ, ల్యాబ్‌లు చెప్పేది కూడా ఇటే ఉంది. పాత హెవీ డ్యూటీ ఇంజన్ల పరీక్షలన్నీ కలిపి 2002లో అమెరికా పర్యావరణ సంస్థ తేల్చిన సగటు ప్రకారం, పూర్తి బయోడీజిల్‌తో మసి 47 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 48 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 10 శాతం పెరిగాయి. 20 శాతం మిశ్రమంలో మసి 10 శాతం తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు 2 శాతమే పెరిగాయి. బయోడీజిల్ అంటే కాలుష్యమే లేదని చెప్పేవాళ్లు ఈ పెరిగిన లెక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. బయోడీజిల్‌లో గంధకం ఉండదని గొప్పగా చెప్పే సంగతీ అంతే. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో దొరికే డీజిల్‌లో గంధకం 10 పిపిఎం (పది లక్షల భాగాల్లో పది) మించదు, కాబట్టి అది ఇప్పుడు బయోడీజిల్ ప్రత్యేకత కాదు. మసి ఫిల్టర్ లేని పాత ఇంజన్ పక్కన గంటలకొద్దీ నిలబడి నీళ్లు పెట్టే మనిషికి మసి తగ్గడమే అసలు లాభం.

ఆగస్టు

వాన పడ్డ రోజుల్లో తప్ప ఇంజన్ దాదాపు ఆగలేదు. మొదట్లో ఫిల్టర్ త్వరగా మూసుకుపోయింది. బయోడీజిల్‌కు మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న డీజిల్ జిడ్డునంతా లేపి తెచ్చింది. ట్యాంకు కడిగి, రెండు ఫిల్టర్లు మార్చాక సర్దుకుంది. రబ్బరు పైపు మాత్రం మెత్తబడి ఉబ్బింది. మామూలు రబ్బరుకు పూర్తి బయోడీజిల్ పడదని తెలిసే దాన్ని తట్టుకునే వైటాన్ పైపు ముందే తెచ్చి ఉంచాం, పాతది ఎన్నాళ్లు ఆగుతుందో చూసి మార్చాం. రాగి, ఇత్తడి తగిలే చోట ఇంధనం త్వరగా పాడవుతుంది కాబట్టి ఇత్తడి కాక్ తీసి స్టీలుది వేశాం.

భాయ్ నాజిల్ మళ్లీ విప్పి చూశాడు. మొన మీద మసి ఉంది, గట్టి బొగ్గు లేదు. టెస్టర్ మీద చిమ్మడం బాగానే ఉంది. ఈసారి ఏమీ అనలేదు, తన షాపులో ఉన్న జనరేటర్‌కు ఐదు లీటర్లు దొరుకుతుందా అని అడిగాడు.

డబ్బు లెక్క కూడా ఈ నెలలోనే కూర్చుని వేశాం. లీటరు నూనెకు 3.7 కిలోల గింజ కావాలి. గింజ కిలో పాతిక రూపాయలకు కొంటే ఒక్క గింజకే 92 రూపాయలు, పైన మెథనాల్, కాస్టిక్, మిల్లు ఖర్చు. డీజిల్ లీటరు వందకు దగ్గరలో ఉన్న రోజుల్లో ఇది గిట్టుబాటు కాదు. చెక్క కిలో ఇరవైకి పోతే దాదాపు 55 రూపాయలు వెనక్కి వస్తాయి, అప్పుడు సరిపోతుంది. అంటే ఈ పని నిలబడేది చెక్క మీద. చెక్కను తానే వాడుకునే రైతు, లేదా గింజ తామే ఏరుకునే సంఘం చేస్తే ఉపయోగం. గింజ కొని, చెక్క పారేసి, ఇంధనం ఒక్కటే అమ్ముదామనుకునేవాళ్లు దిగకపోవడమే మంచిది.

డిసెంబర్

చలికి చూద్దామని మూడు సీసాలు కిటికీలో పెట్టాం. పదకొండు డిగ్రీలున్న తెల్లవారుజామున పూర్తి కానుగ సీసాలో అడుగున పాలలాంటి మబ్బు కనిపించింది, ఎండ పడగానే విడిపోయింది. 20 శాతం సీసా, డీజిల్ సీసా తేటగానే ఉన్నాయి. మా వైపు చలికాలం పొద్దున్నే ఇంజన్ వేయాలంటే పూర్తి బయోడీజిల్ పోయకూడదని తేలింది.

నిల్వ సంగతి కూడా అంతే ముఖ్యం. మేలో చేసినదాన్ని కొంత మూత బిగించి చీకట్లో, కొంత తెల్ల సీసాలో ఎండలో ఉంచాం. ఎండలోది రంగు పాలిపోయి, వాసన మారి, ఆమ్లం కొలిస్తే బాగా పెరిగింది. చీకట్లోది కొద్దిగానే పెరిగింది. ఎక్కువ చేసి దాచుకునే సరుకు కాదిది. నూనెగానో, అంతకంటే బాగా ఎండిన గింజగానో దాచుకుని, రెండు మూడు నెలలకు సరిపడా ఇంధనం చేసుకోవాలి.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద మట్టం పెరగలేదు. అయినా ఆయిల్ మార్పు గడువును సగానికి తగ్గించాం. చిన్నాయన ఇప్పుడు తనంతట తానే 20 శాతం మిశ్రమం కలుపుకుంటున్నాడు. పూర్తి కానుగతో తనకు పెద్ద పట్టింపు లేదు. "గంత కష్టం దేనికి రా, గిది మంచిగనే నడుస్తుంది కద" అన్నాడు. నాకూ అదే సరైన మోతాదు అనిపిస్తోంది. ఆ నిష్పత్తిలో పైపులు మార్చే పని పెద్దగా ఉండదు, చలికి భయం లేదు, ఊళ్లో రాలే గింజ ఇంకా ఎక్కువ ఇంజన్లకు పంచుకోవచ్చు.

వచ్చే ఫిబ్రవరిలో కాయ మొదలవుతుంది. ఈసారి రెండు మహిళా సంఘాలతో మాట్లాడాం. టార్పాలిన్లు, చెక్క పలకలు మేమిస్తాం, గింజ విరిచి చూసి తీసుకుంటాం. నూనెకు ఆమ్లం కొలతలో కాస్టిక్ నీళ్లు 3 మిల్లీలీటర్ల లోపు పడితే ఒక ధర, దాటితే తక్కువ ధర అని ముందే చెప్పాం. జూనియర్ పిల్లలకు ఇప్పటి నుంచే బ్యూరెట్ (బొట్టు బొట్టుగా కొలిచి వదిలే గాజు గొట్టం) పట్టడం నేర్పిస్తున్నాను.